గ్యాలరీ సంజీవని: ఒక ఆటవెలదికి టీకా తాత్పర్యం

అవతారిక

మెదకు సీమలోని కొలిచారానికి చెందిన మల్లినాథ సూరి కాళిదాస కావ్యాలకు ‘సంజీవని’ అనే వ్యాఖ్య రాస్తూ, ఆధారం లేని మాట రాయననీ, అక్కరలేని మాట చెప్పననీ ముందే ప్రతిజ్ఞ చేశాడు. ఆయన తరువాత వచ్చిన వ్యాఖ్యాతలందరం మొదటి నియమాన్ని చేతనైనంత పాటిస్తూ, రెండోదానికి దూరం నుంచే దండం పెడుతూ వస్తున్నాం.

బొమ్మల గురించి టీకలేమిటని తేలిగ్గా తీసెయ్యవద్దు. చిత్రకళకు షడంగాలని పెద్దలు చెప్పే రూపభేదం, ప్రమాణం, భావం, లావణ్యయోజనం, సాదృశ్యం, వర్ణికాభంగం అనే ఆరింటినీ 13వ శతాబ్దంలో యశోధరుడు కామసూత్రానికి రాసిన ‘జయమంగళ’ వ్యాఖ్యలో ఏకరువు పెట్టాడు. ఆ మాత్రం పరువు టీకాకారులకు చిత్రకారుల దగ్గర ఎప్పటినుంచో ఉంది.

ఇక ప్రస్తుతం. ఈ పద్యం తాళపత్రాల్లో దొరికింది కాదు. హైదరాబాదులో ఒక చిత్రప్రదర్శన గుమ్మం దగ్గర, బల్ల మీది విజిటర్స్ బుక్‌లో దొరికింది. పైన ‘నైస్ వర్క్, కీపిటప్’ అని ఒకరు, కింద ‘సూపర్ సార్’ అని మరొకరు రాసిన వాక్యాల నడుమ, దారం కట్టిన బాల్‌పాయింట్ పెన్నుతో, సంతకం లేకుండా ఉంది. పుట మీది తేదీని బట్టి కవికాలం నిర్ణయిద్దామంటే సరిగ్గా అక్కడే ప్రారంభోత్సవం నాటి టీ మరక. పాఠభేదాలు లేవు. ఎవరూ దీన్ని రెండోసారి రాసుకోలేదు.

మూలం

ఆ.వె.
ఊరి మధ్య చల్లనూరక దొరికెడు
బొమ్మ బొమ్మ ముందు బుద్ధి నిలిపి
తాకకుండఁ జూచి తలయూచి ధరఁ గని
వచ్చు వాని కేల వైద్యుఁ డింక

ప్రతిపదార్థం

ఊరి మధ్య = పట్టణపు నడుమ; చల్లన = చల్లదనము; ఊరక = వెల లేకుండ; దొరికెడు = లభించునట్టి; బొమ్మ బొమ్మ ముందు = ప్రతి చిత్రము నెదుట; బుద్ధి నిలిపి = మనసు కుదుర్చుకొని; తాకకుండన్ = చేయి తగులనీయక; చూచి = కని; తలయూచి = (తెలిసినట్లు) తల నాడించి; ధరన్ + కని = వెలను చూచి; వచ్చు వానికి = మరలివచ్చు మనుజునకు; ఇంక = ఇటుపైన; వైద్యుఁడు + ఏల = వైద్యునితో నేమి పని? (పని లేదని భావము.)

టీక

ఊరి మధ్య — హైదరాబాదుకు మధ్య ఎక్కడో తేల్చడం సర్వే వాళ్లకే కష్టం. చార్మినార్ అని తాతలు, ఆబిడ్స్ అని తండ్రులు, హైటెక్ సిటీ అని మనవలు అంటారు. ప్రదర్శనశాలలు మూడు తరాల మాటా మన్నించి ఊరంతా సర్దుకున్నాయి. మూసీ ఒడ్డున సాలార్‌జంగ్ మ్యూజియం, దోమల్‌గూడలో జగదీశ్, కమలా మిత్తల్ మ్యూజియం, బంజారాహిల్స్‌లో కళాకృతి, మాదాపూర్ కావూరి హిల్స్‌లో స్టేట్ గ్యాలరీ ఆఫ్ ఆర్ట్. ఇన్ని చోట్లున్నదాన్ని ‘మధ్య’ అనడం ఎలా కుదురుతుందని శంక. సమాధానం: ఇక్కడ మధ్య స్థలవాచకం కాదు, కాలవాచకం. ఒక పనికీ మరో పనికీ మధ్య అని గ్రహించాలి. రక్తపరీక్ష రిపోర్టు మూడు గంటలకు రమ్మన్నారు, ఇప్పుడు పన్నెండున్నర. రైలు సాయంత్రం, హోటల్ గది ఖాళీ చేయాల్సింది మధ్యాహ్నం. ఆ నడిమి గంటల్లో ఊళ్లో మనకంటూ చోటు ఉండదు. అలాంటప్పుడు తలుపు తీసి ఉండే ఇల్లు ఇదొకటి.

ఈ సౌఖ్యం రాజధానికే పరిమితమని అనుకోకూడదు. 28 ఏళ్లు నిండకముందే 1925లో కన్నుమూసిన దామెర్ల రామారావు బొమ్మలు రాజమహేంద్రవరంలో ఆయన పేరిట వెలిసిన చిత్రశాలలో ఉన్నాయి. గోదావరి చూడడానికి వెళ్లినవారికి అదీ ఊరి మధ్యే.

చల్లనూరక దొరికెడు — ఇక్కడ అన్వయక్లేశం ఉంది. ‘దొరికెడు’ అన్న విశేషణం దేనికి చెందుతుంది? దీని మీద రెండు మతాలు. శీతలవాదులు ఆ మాటను ‘చల్లన’తో కలిపి, వైశాఖమాసంలో జనం గ్యాలరీకి వచ్చేది ఏసీ కోసమేననీ, బొమ్మలు నిమిత్తమాత్రమనీ అంటారు. చిత్రవాదులు ‘బొమ్మ’తో కలిపి, ఊరక దొరికేవి చిత్రాలేననీ, చల్లదనం మనసుకు కలిగేదనీ అంటారు.

సిద్ధాంతం: ఇద్దరి వాదమూ నిలవదు. ఆ చల్లదనం మనిషి కోసం పెట్టింది కాదు. కాగితానికీ కాన్వాసుకీ వేడి, తేమ హెచ్చుతగ్గులైతే పడవు. కాగితం ఉబ్బుతుంది, రంగు పొర బీటలిస్తుంది. వెలుతురు కూడా అంతే. నీటిరంగుల బొమ్మలకు 50 లక్స్, తైలవర్ణాలకు 200 లక్స్ దాటని వెలుగు మంచిదని మ్యూజియం శాస్త్రం చెబుతుంది. ఆ మసక, ఆ చల్లన, ఆ నిశ్శబ్దం సమస్తమూ బొమ్మకు జరిగే ఉపచారాలు. మనం ఆ ఉపచారాల్లో వాటా పొందే అతిథులం. అయినా శీతలవాదులను గెంటివేయనక్కరలేదు. ఎండ తప్పించుకుందామని లోపలికి వచ్చి, కూర్చునేందుకు కుర్చీ కనబడక, నిలబడినందుకు ఏదో ఒకటి చూడాలి గనుక చూసి, రసికులైనవారు ఎందరో.

‘ఊరక’ మీద మరో శంక. సాలార్‌జంగ్‌లో టికెట్టు ఉంది కదా, పద్యం దానికి వర్తించదా? వర్తిస్తుంది. షాపింగ్ మాల్లోకి ప్రవేశం ఉచితమే. కానీ లోపల అడుగు పెట్టగానే ‘ఏం చూపించమంటారు సార్?’ అని ఒకరు వెంటబడతారు. బ్యాంకులో టోకెన్ ఎంత అంటారు, ఆసుపత్రిలో పేరేమిటి వయసెంత అంటారు. నగరంలో ఏ గది తలుపు తోసినా మనం ఏ పని మీద వచ్చామో చెప్పుకోవాలి. గ్యాలరీలో ప్లాస్టిక్ కుర్చీలో కూర్చున్న సెక్యూరిటీ గార్డు సంచి ఇక్కడ పెట్టమంటాడు తప్ప, ఎందుకొచ్చావని అడగడు. పని చెప్పనక్కరలేని చోటు దొరకడమే ఇక్కడ ‘ఊరక’. టికెట్టు పది రూపాయలైనా వంద రూపాయలైనా ఈ అర్థానికి భంగం లేదు.

బొమ్మ బొమ్మ ముందు — ఆమ్రేడితం గనుక ‘ప్రతి బొమ్మ ముందు’ అని సామాన్యార్థం. గ్రూప్ షోలో అరవై బొమ్మలుంటే అరవైటి ముందూ బుద్ధి నిలపడం మానవసాధ్యమా? 2001లో న్యూయార్క్ మెట్రోపాలిటన్ మ్యూజియంలో ఇద్దరు పరిశోధకులు సందర్శకులను గమనించి లెక్క వేశారు. గొప్ప గొప్ప చిత్రాల ముందు మనిషి నిలిచిన సమయం సగటున 27 సెకన్లు, సగం మందైతే 17 సెకన్ల లోపే. అందులోనూ పక్కనున్న లేబుల్ చదవడానికి పోయేది పోగా మిగిలేది ఎంతో ఊహించుకోవచ్చు.

కాబట్టి ఇక్కడ వ్యాఖ్యాతలు ఒక సౌలభ్యం కల్పిస్తున్నారు. ‘బొమ్మ బొమ్మ’ అని కవి రెండుసార్లే అన్నాడు గనుక రెండు బొమ్మలని అర్థం చెప్పుకోవాలి. ఒకసారి హాలంతా చుట్టి రావాలి. కాళ్లు దేని దగ్గర తమంతట తాము నెమ్మదించాయో ఆ రెండింటినీ ఎంచుకోవాలి. మిగిలినవాటికి నమస్కారం.

బుద్ధి నిలిపి — ఎట్లు నిలుపవలెను? లక్ష్మా గౌడ్ ఎచింగ్ ఒకటి ఎదురుగా ఉందనుకుందాం. (1940లో మెదకు జిల్లా నిజాంపూర్‌లో పుట్టారాయన. ఆ సీమ నుంచే మల్లినాథుడు రావడం టీకాకారులకు గర్వకారణం.) మొదటి పది సెకన్లలో మేక కనిపిస్తుంది. ‘మేక’ అని మనసు పేరు పెట్టి ముందుకు పద అంటుంది. పదకూడదు. ఇంకాసేపు నిలిస్తే ఆ మేక ఒంటి మీది వెంట్రుకలు గీతలుగా విడిపోతాయి. మరికాసేపటికి చెట్టు కొమ్మా మనిషి చేయీ ఒకే రకం గీతతో సాగుతున్నాయని తెలుస్తుంది.

ఆ గీత ఎలా పుట్టిందో తెలిస్తే బుద్ధి ఇంకా నిలుస్తుంది. లోహపు రేకు మీద మైనపు పూత పూసి, సూదితో ఆ పూతను గీరి, ఆమ్లంలో ముంచుతారు. గీరిన చోటల్లా ఆమ్లం లోహాన్ని తింటుంది. ఆ గాడుల్లో ఇంకు నింపి, రేకు మీది ఇంకు తుడిచి, తడి కాగితం పరచి ప్రెస్సులో తిప్పుతారు. కాగితం మీద బొమ్మ కుడి ఎడమై పడుతుంది. అంటే చిత్రకారుడు మొదటినుంచీ తిరగేసి ఆలోచించి గీయాలి. ఆమ్లానికి తొందర ఉండదు, తొందరపెడితే గీత చెడుతుంది. అంత ఓపికతో చేసినదాన్ని 17 సెకన్లలో చూసి వెళ్లిపోవడానికి మనసొప్పదు. బుద్ధి అలా, మొహమాటం కొద్దీ నిలుస్తుంది. యోగశాస్త్రంలో చెప్పని మార్గమిది.

తాకకుండఁ జూచి — వేళ్ల చివర చెమట, జిడ్డు ఉంటాయి. ఒక చేయి తగిలితే తెలియదు, వెయ్యి చేతులు తగిలితే రంగు మాసిపోతుంది. నిషేధానికి కారణం ఇదే. కానీ కవి నిషేధాన్ని సాధనగా మార్చాడు. మొదటి సాలార్‌జంగ్ 1876లో రోములో కొనుక్కొచ్చిన బెంజోని శిల్పం, మేలిముసుగు రెబెక్కా ముందు నిలబడిన వారెవరినైనా చూడండి. పాలరాతిలో చెక్కిన ముసుగు పల్చగా, లోపలి ముఖం కనిపించేటంత పల్చగా ఉంటుంది. రాయా, బట్టా? ముట్టుకుంటే క్షణంలో తేలిపోయే సందేహం. ముట్టుకోనివ్వరు గనుక కన్నే ఆ పని చేయాలి. ముసుగు అంచు ఎక్కడ ముడుచుకుంది, ముక్కు దగ్గర ఎక్కడ బిగిసింది, భుజం మీద ఎక్కడ జారింది అని వెతుక్కుంటూ వెళుతుంది. ముట్టుకోనిచ్చి ఉంటే సందేహంతో పాటు చూపు కూడా అక్కడే ముగిసేది.

తలయూచి — ప్రతిపదార్థంలో ‘తెలిసినట్లు’ అని బ్రాకెట్లో చేర్చింది మేమే. అర్థం కాకపోయినా తల ఊపడం సందర్శక ధర్మం. ‘అన్‌టైటిల్డ్, మిక్స్‌డ్ మీడియా ఆన్ కాన్వాస్’ అన్న లేబుల్ ముందు ఈ ధర్మం విశేషంగా ఆచరింపబడుతుంది. ఇది కపటం కాదా అని శంక. విష్ణుధర్మోత్తర పురాణంలోని చిత్రసూత్రంలో దీనికి ఊరట ఉంది. అక్కడ వజ్రుడనే రాజు చిత్రకళ తెలుసుకోవాలని మార్కండేయుణ్ణి అడుగుతాడు. నాట్యం తెలియనివాడికి చిత్రం తెలియదంటాడు ముని. నాట్యం తెలియాలంటే వాద్యం, వాద్యం తెలియాలంటే గానం రావాలంటాడు. సంగీత కళాశాలలో చేరితే తప్ప బొమ్మ దగ్గరికి రానివ్వరన్నమాట. రాజుకే తెలియనప్పుడు మనకు తెలియకపోవడం దోషం కాదు.

పైగా అదే గ్రంథం మరోచోట ఉదారంగా ఉంది. ఆచార్యులు రేఖను మెచ్చుకుంటారట, విచక్షణులు వెలుగునీడల పనితనాన్ని, స్త్రీలు నగల అలంకరణను, తక్కినవారు రంగుల నిండుదనాన్ని. స్త్రీల మాట ఇప్పుడంటే ఆ మునికే విజిటర్స్ బుక్‌లో జవాబు దొరికేది. అయినా ‘తక్కినవారు’ అని ఒక వర్గం ఉంది చూడండి, అది మనదే. రంగు బాగుందని తల ఊపడానికి శాస్త్రసమ్మతి ఉంది.

ధరఁ గని — అతి సూక్ష్మమైన ఘట్టం. బొమ్మ కింద ధర రాయడం మర్యాద కాదని చాలా గ్యాలరీలు ధరల పట్టీని బల్ల దగ్గరే ఉంచుతాయి. అడిగితే ఇస్తారు, అడగడానికి ధైర్యం కావాలి. లేబుల్ పక్కన చిన్న ఎర్రచుక్క అంటించి ఉంటే ఆ బొమ్మ అమ్ముడుపోయిందని సంకేతం. పట్టీలో సున్నాలను లెక్కపెట్టగానే మనసులో ఒక కుదుపు, ఆ వెంటనే ఒక తేలిక. ఇది శాంతికి ఎలా కారణమవుతుంది?

చెబుతున్నాం. కొనగలిగిన బొమ్మ ముందు నిలబడితే హాల్లో గోడ ఎంత, సోఫా రంగుకు నప్పుతుందా, వాస్తు ప్రకారం ఏ దిక్కున పెట్టాలి, ఇంటావిడ ఏమంటుంది, ఈఎంఐ ఉందా అన్నవి వచ్చి కళ్లకు అడ్డుపడతాయి. కొనలేమని రూఢి అయ్యాక ఇవన్నీ తప్పుకుంటాయి. మిగిలేది బొమ్మ, చూసేవాడు. వైరాగ్యానికి ఇంత దగ్గరి దారి మరొకటి లేదు. అయితే వైరాగ్యమే శరణ్యమని నిరాశపడనక్కరలేదు. ఎచింగ్‌లాంటి ముద్రణ చిత్రాలు ఒకే రేకు నుంచి పరిమితంగా కొన్ని ప్రతులు తీస్తారు. కింద పెన్సిల్‌తో 5/25 అని ఉంటే ఇరవై ఐదింటిలో ఐదోదని అర్థం. కాన్వాసు మీది బొమ్మతో పోలిస్తే వీటి ధర సాధారణంగా అందుబాటులో ఉంటుంది. అప్పుడు సోఫా రంగు గురించి మళ్లీ ఆలోచించవచ్చు.

వచ్చు వాని — ఇక్కడ ఒక ఆక్షేపణ. శాంతి సరే, ప్రేరణ మాటేది? పద్యంలో ఎక్కడా లేదే! ఉంది. ‘పోవు వాని’ అనకుండా ‘వచ్చు వాని’ అనడంలోనే ఉంది. యతి కోసం అలా అన్నాడని కొందరంటారు. అలా అంటే కవిని తక్కువ చేయడమే.

చిత్రకారుడు తోట వైకుంఠం 1942లో కరీంనగర్ జిల్లా బూరుగుపల్లిలో పుట్టారు. బరోడా వెళ్లి చదువుకుని తిరిగి వచ్చి గీసిందేమిటి? చిన్నప్పుడు ఊళ్లో రోజూ చూసిన ఆడవాళ్లనే. నిండు ఎరుపు, పసుపు చీరలు, చామనఛాయకన్నా ముదురు రంగు ఒళ్లు, నుదుట రూపాయంత కుంకుమబొట్టు. ‘దాసి’ సినిమాకు కళాదర్శకుడిగా జాతీయ పురస్కారం అందుకున్నదీ ఆయనే. ప్రేరణ బరోడాలో దొరికిందనాలా, బూరుగుపల్లిలో దొరికిందనాలా? తిరిగి రావడంలో దొరికింది. ఆయన బొమ్మ చూసి బయటికొచ్చిన మనిషికి కూడా అదే జరుగుతుంది. బస్టాపు పక్కన మల్లెమూరలు అమ్మే ఆవిడ పొద్దున్నా అక్కడే ఉంది. అప్పుడు ఆమె మూర ఇరవై రూపాయలు. ఇప్పుడు ఆమె నుదుటి ఎరుపు, చీర అంచు పచ్చదనం, ఆ రెంటినీ కలిపే మెడ వంపు.

ప్రేరణ అంటే ఇంటికి వెళ్లి కుంచె పట్టడమే అయితే ఈ పద్యం పదిమందికి కూడా పనికిరాదు. గ్యాలరీలో బొమ్మలు తగిలించే పద్ధతి గమనించండి. బొమ్మ నడిభాగం నేల నుంచి సుమారు 145–150 సెంటీమీటర్ల ఎత్తున, నిలబడ్డ మనిషి చూపుకు సరిగ్గా ఉంటుంది. బొమ్మకూ బొమ్మకూ మధ్య ధారాళంగా ఖాళీ గోడ. ఆ ఖాళీ లేకపోతే ఏ బొమ్మా కనపడదు. ఇది చూసి వచ్చిన గృహిణి హాల్లో మూడు క్యాలెండర్లలో రెండింటిని తీసేస్తుంది. లెక్కల మాస్టారు నల్లబల్ల మీద రెండు లెక్కల నడుమ జాగా వదులుతాడు. ఆఫీసు మనిషి రేపటి మీటింగుల పట్టికలో ఒక గంటను దేనికీ ఇవ్వకుండా ఉంచుతాడు. టీక మొదట్లో ‘మధ్య’ అంటే రెండు పనుల నడిమి కాలమని చెప్పుకున్నాం. ప్రేరణ పొందినవాడు ఆ నడిమి కాలాన్ని తానే కల్పించుకోవడం నేర్చుకుంటాడు.

ఏల వైద్యుఁ డింక — వైద్యులు అలగవలసిన పని లేదు. వైద్యులే ఈ మందు రాసిన దృష్టాంతం ఉంది. 2018 నవంబరు నుంచి కెనడాలోని మాంట్రియల్‌లో, అక్కడి ఫ్రెంచి మాట్లాడే వైద్యుల సంఘం, లలితకళల మ్యూజియం కలిసి ఒక ప్రయోగం చేశాయి. రోగికి మ్యూజియం సందర్శనను డాక్టరు చీటీ మీదే రాసిచ్చారు. ఒక్కో వైద్యుడికీ 50 చీటీల దాకా అనుమతి. ఆ చీటీతో ప్రవేశం ఉచితం. ‘ఊరక’ అన్న పదానికి ఇంతకు మించిన ప్రమాణం లేదు.

ఇంగ్లండులో 50 ఏళ్లు దాటిన ఆరువేల పైచిలుకు మందిని సుమారు 14 ఏళ్లు గమనించిన అధ్యయనం 2019లో బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో వచ్చింది. మ్యూజియాలకు, గ్యాలరీలకు, నాటకాలకు, కచేరీలకు కొన్ని నెలలకోసారైనా వెళ్లేవారిలో ఆ కాలంలో మరణించే ప్రమాదం, అసలు వెళ్లనివారితో పోలిస్తే 31 శాతం తక్కువగా కనబడింది. అయితే ఓపిక ఉన్నవారే వెళుతున్నారా, వెళ్లడం వల్ల ఓపిక వస్తోందా అన్నది ఇలాంటి గమనింపుతో పూర్తిగా తేలదని ఆ పరిశోధకులే జాగ్రత్త చెప్పారు. కనుక ఈ పద్యాన్ని ప్రమాణంగా చూపి బీపీ మాత్రలు మానరాదు. మాత్ర వేసుకునే గ్యాలరీకి వెళ్లవలెనని వ్యాఖ్యాతల శాసనం.

విశేషాలు

ఛందస్సు ఆటవెలది. ఊ–నూ, బొ–బు, తా–త, వ–వై యతులు. ‘చల్లన, ఊరక’ రెంటినీ కవి అత్వసంధితో అతికించాడు. ఏసీకి కరెంటు బిల్లు కట్టేవారికి ఈ సంధి నచ్చదు.

అలంకారం కావ్యలింగం. వైద్యుడు అక్కరలేకపోవడానికి పై మూడు పాదాలూ హేతువు. అతిశయోక్తి అనేవారున్నారు, వారు మందుల షాపు యజమానులని వినికిడి.

రసం శాంతం. నిర్వేదం స్థాయి. బొమ్మ ఆలంబన విభావం, మసక వెలుగూ చల్లదనమూ ఉద్దీపనలు, తలయూపు అనుభావం. ఫోను మోగుతుందేమోనన్న శంక, ధర చూసిన త్రాసం సంచారిభావాలు. ప్రారంభోత్సవం నాడు వెళితే దీపప్రజ్వలన, ముఖ్య అతిథి ఉపన్యాసం, సెల్ఫీల తోపులాట వల్ల రసభంగం. సమోసాల వల్ల కొంత పూరణ. మామూలు పనిదినం మధ్యాహ్నం వెళ్లడం ఉత్తమం.

తాత్పర్యం

నగరంలో ప్రతిదానితోనూ మనకు ఏదో ఒక పని ఉంటుంది. కొనాలి, అమ్మాలి, నొక్కాలి, జరపాలి, జవాబివ్వాలి. దేనితో మనకు ఏ పనీ లేదో, ఏదీ మనల్ని ఏమీ అడగదో, అలాంటి వస్తువు ముందు కాసేపు నిలబడి దాన్ని పూర్తిగా చూసినవాడికి మనసు కుదుటపడుతుంది. అలా చూడడం అలవాటైన కన్ను బయట కూడా అదే పని చేస్తుంది. శాంతి లోపల దొరికేది, ప్రేరణ బయటికి వచ్చాక తెలిసేది. రెండింటికీ మూలం ఆ పనిలేని చూపేనని కవి భావం.

ఫలశ్రుతి

ఈ టీకను చదివినవారికి గ్యాలరీ దగ్గర పార్కింగ్ దొరుకుతుంది. విన్నవారికి మ్యూజియం సెలవు రోజున వెళ్లి తలుపు చూసి తిరిగొచ్చే ప్రమాదం తొలగుతుంది. పదిమందికి పంచినవారికి విజిటర్స్ బుక్‌లో రాయడానికి ‘నైస్ వర్క్’ కాక మరో మాట స్ఫురిస్తుంది. దీన్ని సగంలో పక్కన పడేసి నేరుగా బొమ్మలు చూడడానికి వెళ్లినవారికి తాత్పర్యంతో కూడా పని లేదు.

ఇది విజిటర్స్ బుక్‌లో లభ్యమైన ఏకపద్యానికి గ్యాలరీ సంజీవని అనే వ్యాఖ్య. సమాప్తం.